75 మించొద్దన్న సర్కారు.. కుదరదన్న కాపరి! రెయిన్‌డీర్ల మంద చుట్టూ అసలు గొడవేంటి?

నార్వే ఉత్తర కొసన ఉంది ఫిన్‌మార్క్. అక్కడి సామీ ప్రజలకు రెయిన్‌డీర్ల పెంపకం తరతరాల వృత్తి. యొవ్సెట్ ఆంటె సారా అనే యువ కాపరి దగ్గర 116 రెయిన్‌డీర్లు ఉండేవి. వాటిని 75కి తగ్గించాలని ప్రభుత్వం ఆదేశించింది. సారా కోర్టుకెక్కాడు. కింది కోర్టుల్లో రెండుసార్లు గెలిచినా, 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. అతని అక్క మారెట్ ఆన్నె 400 రెయిన్‌డీర్ పుర్రెలను తెరలా కట్టి ఓస్లోలో పార్లమెంటు ముందు వేలాడదీసింది.

సర్కారు వాదన మరీ కొట్టిపారేసేది కాదు. చలికాలంలో ఈ జంతువులకు ముఖ్యమైన తిండి లైకెన్. మన బిర్యానీ మసాలాలో వేసే రాతి పువ్వు కూడా ఓ రకం లైకెనే! ఏడాదికి ఇది పెరిగేది కొన్ని మిల్లీమీటర్లే. మొదలంటా మేసేస్తే మళ్లీ కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. మందలు పెరిగితే తల్లులు బక్కచిక్కుతాయి, దూడల బరువు తగ్గుతుంది, కొన్ని బతకనే బతకవు. అంటే తలలు ఎక్కువ, మాంసం తక్కువ.

ఇది కాపరులకు తెలియదా? తెలుసు. వాళ్ల భయం వేరే.. చలికాలంలో పడే వాన! మంచు మీద పడిన నీళ్లు పలకలా గడ్డకడితే, కాళ్లతో ఎంత తవ్వినా కింద ఉన్న లైకెన్ నోటికందదు. రష్యాలోని యమాల్ ద్వీపకల్పంలో 2013 నవంబర్‌లో ఇదే జరిగింది. దాదాపు 61,000 రెయిన్‌డీర్లు ఆకలితో చచ్చిపోయాయి. అలాంటి ఏడాది వస్తే 500 ఉన్నవాడికి సగం పోయినా మంద మిగులుతుంది. అందుకే పెద్ద మంద అంటే కాపరికి బీమా లాంటిది.

చిక్కంతా ఇక్కడే. మేత నేల అందరిదీ. అందరూ ఇదే బీమా కోసం మందలు పెంచితే జంతువులన్నీ చలికాలానికి ముందే నీరసించిపోతాయి. గడ్డు ఏడాదిలో మొదట రాలేవి అవే. కాబట్టి మందలకు ఓ హద్దు కావాల్సిందే.

కానీ హద్దు గీసిన తీరే తేడా కొట్టింది. తగ్గించాల్సిన వాటా పెద్ద మందకూ చిన్న మందకూ ఒకటే! పెద్ద కాపరికి అది ఓ దెబ్బ మాత్రమే. అప్పుడప్పుడే వృత్తిలోకి వచ్చిన సారాకు 75తో ఇల్లే గడవదు. ఆ మాటే అతను కోర్టులో చెప్పాడు.