ఎక్కడ జరిగింది, ఎందుకు జరిగింది

మాధవరం బస్సు టెర్మినల్ 2018 అక్టోబరులో మొదలయ్యాక నెల్లూరు, తిరుపతి, కాళహస్తి బస్సులు కోయంబేడు వదిలి ఇక్కడికి వచ్చేశాయి. ఆంధ్రా నుంచి చెన్నైకి వచ్చే చాలామందికి ఇప్పుడు నగరం గుమ్మం ఇదే. తెల్లవారుజామున బస్సు దిగిన మనిషి ఫోన్లో "మాధవరంలో దిగాను" అంటే అవతలి నుంచి వెంటనే వచ్చే ప్రశ్న: "మాధవరంలో ఎక్కడ?" పాల కాలనీయా, రౌండానా దగ్గరా, మూలకడై జంక్షనా, రెట్టేరి సిగ్నలా? చుట్టాలతో మాట్లాడేటప్పుడైతే ఆ నాలుగు ప్రశ్నలూ నింపాదిగా తేల్చుకోవచ్చు. ఒంట్లో బాగాలేని మనిషిని పక్కన పెట్టుకుని 108కి ఫోన్ చేసినప్పుడు అంత వ్యవధి ఉండదు.

ఎక్కడ అన్నది తేలాక ఎందుకు అన్న ప్రశ్న వస్తుంది. ఈ రెండు ప్రశ్నలకూ సూటిగా జవాబు చెప్పే ఇంగ్లీషు మాటలు ఇంజినీర్ల దగ్గర, దర్యాప్తు అధికారుల దగ్గర, కంపెనీ వకీళ్ల దగ్గర దండిగా ఉన్నాయి. సోర్స్, ఆరిజిన్, ట్రిగ్గర్, రూట్ కాజ్, పాయింట్, స్ట్రెచ్, అప్‌స్ట్రీమ్, డౌన్‌స్ట్రీమ్. నష్టపోయే జనం దగ్గర మాత్రం అవి లేవు. తప్పు ఎవరిదో తేలేది ఆ మాటల దగ్గరే కాబట్టి, ఈ లోటుకు మూల్యం చెల్లించేది కూడా జనమే.

మాధవరానికి ఉత్తరాన, చెన్నై-గూడూరు రైలు మార్గంలో కవరైపెట్టై స్టేషన్ ఉంది. 2024 అక్టోబర్ 11 రాత్రి మైసూరు-దర్భంగా భాగమతి ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగి ఉన్న గూడ్సు బండిని గుద్దింది. పదికి పైగా బోగీలు పట్టాలు తప్పాయి. అదృష్టం కొద్దీ ఎవరి ప్రాణమూ పోలేదు. బండికి మెయిన్ లైన్‌లో వెళ్లమని సిగ్నల్ ఉంది, బండి మాత్రం గూడ్సు ఆగి ఉన్న లూప్ లైన్‌లోకి, అంటే పక్క పట్టాల మీదికి, దూరింది. ఆ రాత్రే రకరకాల మాటలు పుట్టాయి. సిగ్నల్ తప్పిందన్నవాళ్లున్నారు, సాంకేతిక లోపమన్నవాళ్లున్నారు.

ఆ ఊహల్లో ఏది నిలబడినా దాని వెనక ఒక మనిషి మెడకు ఉరి బిగుస్తుంది. సిగ్నల్ తప్పితే సిగ్నల్ సిబ్బంది, బండి సిగ్నల్ మీరి వెళ్తే డ్రైవరు, పట్టా పాడైతే దాన్ని చూసుకునే గ్యాంగ్‌మన్. రైల్వే భద్రతా కమిషనర్ విచారణ చివరికి నిగ్గు తేల్చింది: పట్టాలు చీలే చోట, అంటే రైల్వేవాళ్లు పాయింట్ అనే చోట, బోల్టులూ నట్లూ ఎవరో విప్పేశారు. పరికరం దానంతటది చెడిపోలేదు, అది దుండగుల పని. 'సాంకేతిక లోపం' అన్న మాట దగ్గరే ఆగిపోయి ఉంటే ఏ పాపమూ ఎరగని ఉద్యోగి బలైపోయేవాడు. చోటు ఖచ్చితంగా తేలడం అతన్ని కాపాడింది.

మాట ఖచ్చితంగా ఉన్నంత మాత్రాన నిజం మొత్తం బయటపడిపోదు. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుఫాను వరద మణలి మీదుగా వెళ్తూ నల్లటి నూనె తెట్టెను మోసుకెళ్లి బకింగ్‌హాం కాలువలో, కొసస్థలై నదిలో, ఎన్నూరు వాగులో కలిపింది. జాలర్ల వలలు, పడవలు, ఇళ్ల గోడలు జిడ్డెక్కాయి. వేళ్లన్నీ మణలిలోని చెన్నై పెట్రోలియం రిఫైనరీ వైపు చూపిస్తే, తమ పైపులైన్లలో లీకు లేదని ఆ సంస్థ చెప్పింది. తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి పరిశీలన మాత్రం రిఫైనరీ ఆవరణలో వాననీటి నిర్వహణ సరిగా లేదని, లోపల పేరుకున్న నూనెను వరదనీరు బయటికి తెచ్చిందని తేల్చింది.

ఇక్కడ ప్రశ్న అడిగిన తీరే కీలకం. "పైపు లీకయిందా?" అని అడిగితే "లేదు" అనే జవాబుతో సంభాషణ ముగిసిపోతుంది. "ఈ నూనెకు సోర్స్ ఏది, అది ఏ దారిన కాలువలోకి చేరింది?" అని అడిగితే తప్పించుకునే సందు ఉండదు. లీకు (కారడం), స్పిల్ (ఒలకడం), ఓవర్‌ఫ్లో (పొంగి పొర్లడం), డిశ్చార్జి (బయటికి వదలడం) నాలుగూ వేర్వేరు సంగతులు. నూనె తెట్టెలో నిలబడి వల కడుక్కుంటున్న జాలరికి వాటి తేడా తెలిస్తే, విలేకరి అడగని ప్రశ్న అతనే అడుగుతాడు.

అదే డిసెంబరు 26 అర్ధరాత్రికి కాస్త ముందు ఎన్నూరు పెరియకుప్పంలో ఘాటు వాసనకు జనం నిద్ర లేచి పరుగులు తీశారు. ఈసారి సోర్స్ తొందరగానే దొరికింది: కోరమాండల్ ఎరువుల కర్మాగారానికి ఓడల నుంచి అమ్మోనియా తెచ్చే సముద్రగర్భ పైపులైను. తుఫాను దెబ్బకు పైపు చుట్టూ పేర్చిన బండరాళ్లు కదిలి దాన్ని దెబ్బతీసి ఉండవచ్చని సాంకేతిక సంఘం అభిప్రాయపడింది. ఫలానా పైపు, ఫలానా చోటు అని తేలింది కాబట్టే కాలుష్య మండలి పరిహారం కట్టమనగలిగింది.

అలా తేలని సందర్భమూ ఆ పక్కనే ఉంది. 2024 అక్టోబర్ 25న తిరువొత్తియూరులోని ఒక ప్రైవేటు బడిలో ఏదో వాయువు సోకి పిల్లలు సొమ్మసిల్లారు. బడి తిరిగి తెరిచిన నవంబరు 4న మళ్లీ అదే జరిగింది. గాలిని కొలిచే బండ్లు వచ్చాయి, పరీక్షలు జరిగాయి. వాయువు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఆ రోజుల్లో ఎవరూ చెప్పలేకపోయారు. మూలం దొరక్కపోతే నోటీసు ఎవరికి ఇవ్వాలి?

తెలుగు పత్రికలు, ఛానెళ్లు కూడా ఇక్కడ జవాబు చెప్పుకోవాలి. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోతుంటే మన మీడియా దానికి 'వింత వ్యాధి' అని పేరు పెట్టింది. రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ చెప్పింది. తర్వాతి నివేదికలు పురుగుమందుల అవశేషాల వైపు చూపించాయి. 'వింత' అన్న మాట భయం పెంచింది గానీ నీళ్లా, కూరగాయలా, గాలా అన్న ఆరాను ఒక్క అడుగు కూడా ముందుకు జరపలేదు.

అదే ఏడాది మే 7న విశాఖ ఆర్ఆర్ వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. నీరభ్ కుమార్ ప్రసాద్ నాయకత్వంలోని ఉన్నత స్థాయి సంఘం ఎం6 ట్యాంకును పేరుతో సహా చూపించింది. ట్యాంకులో వేడి పెరగడం ట్రిగ్గర్, అంటే అప్పటికప్పుడు ప్రమాదాన్ని రేపిన కారణం. చల్లబరిచే ఏర్పాటు చాలకపోవడం, స్టైరీన్ గట్టిపడకుండా ఆపే టీబీసీ రసాయనం తగినంత లేకపోవడం, భద్రత పట్ల యాజమాన్యం నిర్లక్ష్యం రూట్ కాజ్, అంటే అసలు మూలం. వేడిని మాత్రమే కారణం చేస్తే నేరం మే నెల ఎండది అయిపోతుంది. దాని వెనక ఉన్నవాటిని కూడా పేర్లు పెట్టి లెక్కలోకి తెచ్చినప్పుడే మనుషులు జవాబుదారీలవుతారు.

మాధవరం చుట్టుపక్కల స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకునే తెలుగు పిల్లలకు మొదట చెప్పేది తమను తాము పరిచయం చేసుకోవడం, ఇంటర్వ్యూలో మాట్లాడడం. అవి అక్కర్లేదని ఎవరూ అనరు. వాటితోపాటు ఫిర్యాదు రాయడం కూడా నేర్పాలి. తెలుగు ఇళ్లలో పెద్దల తరఫున ఫారాలు నింపేది చాలాచోట్ల ఆ పిల్లలే. "మాధవరంలో బ్యాడ్ స్మెల్" అని కార్పొరేషన్ ఫిర్యాదుల నంబరు 1913కి చెబితే అది రోజూ వచ్చే వందల ఫిర్యాదుల్లో ఒకటి. "రాత్రి 11 నుంచి కుళ్లిన గుడ్ల వాసన, గాలి తూర్పు నుంచి వీస్తోంది, ఫలానా వీధి చివర కాలువ కల్వర్టు దగ్గర ఎక్కువగా ఉంది, కల్వర్టుకు అప్‌స్ట్రీమ్‌లో (ఎగువన) లేదు" అని రాస్తే వచ్చిన ఇన్‌స్పెక్టర్ నేరుగా ఆ కల్వర్టు దగ్గరికే వెళ్లాలి. వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదో ఫైల్లో రాయాలి.

కాలుష్య మండలి, కార్పొరేషన్ చేయాల్సిన పని కూడా ఉంది. ఫిర్యాదు ఫారంలో వార్డు నంబరు, వీధి పేరుతో సరిపెట్టకుండా ఎప్పుడు మొదలైంది, ఏ దిక్కు నుంచి వచ్చింది, ఎక్కడ ఎక్కువగా ఉంది, మీ అనుమానం ఏమిటి అనే నాలుగు గళ్లు చేర్చాలి. వాటిని తమిళం, ఇంగ్లీషుతోపాటు ఈ పేటల్లో జనం చదివే తెలుగులోనూ అచ్చు వేయాలి. దర్యాప్తు పూర్తయ్యాక ప్రకటనలో 'సాంకేతిక లోపం' అని ఒక్క మాట రాసి ఊరుకోకుండా ఏ పరికరం, ఏ చోటు, ఎవరి బాధ్యత అన్నది అదే వార్డు ఆఫీసు గోడ మీద అతికించాలి.