బోరు నీటికి పరీక్ష ఏదీ?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో యాసంగిలో బోర్ల కింద వేరుశనగ, నువ్వు వంటి నూనెగింజలు వేసే రైతాంగం ఎన్ని తడులు ఇవ్వాలన్నదే ఆలోచిస్తున్నది గాని, ఎటువంటి నీరు ఇస్తున్నామన్నది అంతగా పట్టించుకోవడం లేదు. ఈ లోపం రైతులది మాత్రమే కాదు.

ఉప్పు నీరు పారిన చేనులో నేల తడిగా ఉన్నా వేరు నీటిని పీల్చుకోలేదు. ఆకుల అంచులు మాడతాయి. నీరు చాలలేదనుకొని రైతు మరో తడి ఇస్తాడు. దానితో మరికొంత ఉప్పు చేరుతుంది. ఎకరాకు రెండు అంగుళాల తడి అంటే సుమారు 2 లక్షల లీటర్లు. లీటరుకు ఒక్క గ్రాము ఉప్పున్నా తడికి 2 క్వింటాళ్లు, ఎనిమిది తడులకు 16 క్వింటాళ్లు. మంచి వానలు కడిగివేస్తే సరి, లేకుంటే అదంతా వేళ్ల వద్దనే పేరుకుంటుంది.

అలాగని తడులు మానరాదు. నేల ఆరేకొద్దీ మిగిలిన తేమలో ఉప్పు చిక్కబడుతుంది. వేరుశనగకు పూత, ఊడలు దిగే దశ, కాయ ఊరే దశల్లో బెట్ట తగిలితే దిగుబడి దక్కదు. రోజూ పైపైన తడిపినా ఉప్పు పై మట్టిలోనే నిలుస్తుంది. వేళ్ల లోతుకు నానేలా పారించి, నేల బెట్టకు రాకముందే మరో తడి ఇవ్వాలి. చెల్కల్లో తడుల మధ్య ఎడం తక్కువ, నల్లరేగడిలో ఎక్కువ. చెరువు నీరో, కాలువ నీరో అందేచోట బోరు నీటితో మార్చి మార్చి పారించడం మేలు.

నీటిలోని ఉప్పును 'ఈసీ' అనే అంకెతో కొలుస్తారు. అది 2.1 దాటితే వేరుశనగ దిగుబడి తగ్గనారంభిస్తుందని, 3.3 చేరితే సగానికి పడిపోతుందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్క కట్టింది. తన బోరు అంకె తెలిసిన రైతులు ఎందరు? 2015లో ప్రారంభమైన భూసార కార్డుల పథకం మట్టిలోని 12 అంశాలను చెబుతుంది గాని, బోరు నీటి సంగతి చెప్పదు. ఆ కొలతకు పెద్ద ప్రయోగశాల కూడా అవసరం లేదు. చేతిలో ఇమిడే మీటరును నీటిలో ముంచితే నిమిషంలో తేలుతుంది.

ప్రతి రైతు వేదికలో ఒక మీటరు ఉంచి, యాసంగి విత్తనానికి ముందే ఊరి బోర్లన్నిటినీ పరీక్షించి, ఫలితాలను అందరికీ కనబడేలా రాసిపెట్టడం వ్యవసాయ శాఖకు భారమేమీ కాదు. రైతులు కూడా సీసాలో నీరు పట్టుకుపోయి పరీక్షించమని అడగాలి. విత్తనం నేలలో పడ్డాక ఉప్పు సంగతి తెలిసినా ప్రయోజనం ఉండదు.