మణికట్టు వంగనప్పుడు

అన్నం కలిపి ముద్ద నోటికందించడం, తాళం తిప్పడం, తడిబట్ట పిండడం, సజ్దాలో అరచేతిని నేలకు ఆనించడం... ఇవన్నీ మణికట్టు చలవే. అది మొరాయించిన నాడు గాని ఆ దైవానుగ్రహం విలువ మనకు తెలిసిరాదు.

ముంజేతి ఎముకలకు వచ్చే గడ్డలలో ‘జెయింట్ సెల్ ట్యూమర్’ ఒకటి. ఇది ఎక్కువగా 20–40 ఏళ్ల వయసువారిలో కనిపిస్తుంది. మోకాలి చుట్టుపక్కల ఎముకల తర్వాత ఇది తరచుగా ఆశ్రయించేది ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక కింది కొననే. సాధారణంగా ఇది క్యాన్సర్ కాదు. అయినా ఎముకను లోపలినుండి తొలిచివేస్తుంది. తొలగించిన తర్వాత తిరిగి రావచ్చు. అరుదుగా ఊపిరితిత్తులకూ పాకుతుంది.

కనుక మణికట్టు వాపు వారాల తరబడి తగ్గకపోతే బెణుకని సరిపెట్టుకుని మర్దనలు, నాటుకట్లతో కాలయాపన చేయరాదు. ఎక్స్‌రే తీయించాలి. గడ్డ ఎముక లోపల ఉండగానే బయటపడితే దాన్ని గీకి తీసి, ఆ ఖాళీని ఎముక సిమెంటుతో నింపుతారు. అప్పుడు చాలావరకు కీలు దక్కుతుంది. గడ్డ ఎముకను చీల్చుకుని బయటికి వ్యాపిస్తే ఆ కొననే తొలగించవలసి రావచ్చు.

అప్పుడు కుటుంబం ముందు ముఖ్యంగా రెండు మార్గాలుంటాయి. కాలిలోని ఫిబులా అనే సన్నని ఎముక పైభాగాన్ని తెచ్చి కొత్త కీలు అమర్చడం మొదటిది. దీనితో కొంత కదలిక మిగులుతుంది. అయితే కీలు పక్కకు జారడం, అరిగిపోవడం జరగవచ్చు. మణికట్టును ప్లేటుతో శాశ్వతంగా బిగించడం రెండవది. ఇక వంగదు, కాని నొప్పి తగ్గి పట్టు నిలుస్తుంది. బరువులెత్తే శ్రామికునికి పట్టు ముఖ్యం, సున్నితమైన చేతిపని చేసేవారికి కదలిక ముఖ్యం. కనుక రోగి జీవనోపాధిని వైద్యునికి వివరించిన తర్వాతే నిర్ణయానికి రావాలి. ఆపరేషన్ పిదప వైద్యుని సలహాపై వేళ్ల వ్యాయామం, క్రమం తప్పని పరీక్షలు అవసరం.

ఇక ఆరాధనల విషయం. కట్టు విప్పితే హాని కలుగుతుందనుకుంటే వుజూలో దానిపై తడిచేత్తో మసహ్ చేస్తే చాలు. సజ్దాలో అరచేయి ఆనకపోతే సాధ్యమైనంత మేరకే ఆనించాలి. మూలవ్యాధితో బాధపడిన ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు దైవప్రవక్త (స) నిలబడలేకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకు ఒరిగి నమాజు చేయమని అనుమతించారు. శక్తికి మించిన భారం ధర్మంలో లేదు. కుడిచేయి నోటిదాకా రాని వ్యక్తి ఎడమచేత్తో భుజించవచ్చు. అనారోగ్యం వంటి కారణం ఉన్నప్పుడు అందులో తప్పులేదని ఇమాం నవవీ (రహ్మ) స్పష్టం చేశారు.

అందుచేత దస్తర్‌ఖాన్ వద్ద అటువంటి బిడ్డను పదిమందిలో మందలించకండి. ఆ మందలింపు కోతకన్నా లోతైన గాయం చేస్తుంది. రొట్టె తుంచి పళ్లెంలో పెట్టండి. అయితే తాను చేయగల పనిని తననే చేసుకోనివ్వండి. చేతికి సత్తువ అభ్యాసంతోనే తిరిగి వస్తుంది.

అల్లాహ్ వ్యాధిగ్రస్తులందరికీ స్వస్థతను, వారికి సేవచేసేవారికి సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.