అరవై ఏడు కిలోల చాటున మిల్లు

ప్రభుత్వ వడ్లు ఆడించి మిల్లర్లు తిరిగి అప్పగించాల్సిన బియ్యం, అంటే సీఎంఆర్, బకాయిల వార్త వచ్చినప్పుడల్లా ఎన్ని టన్నులు రాలేదన్న దగ్గరే ఆగిపోతున్నారు. మిల్లర్లు కాజేశారని కొందరు, యాసంగి వడ్లంటేనే నూకని కొందరు. బాన్సువాడ చుట్టూ నిజాంసాగర్ ఆయకట్టు వడ్లు ఆడే మరల పనితనం గురించి ఒక్క వాక్యం కనబడదు.

క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పగించాలి. ఇది ఆ మిల్లులో తూచి తేల్చిన దిగుబడి కాదు, అందరికీ ఒకే తీరుగా కట్టిన లెక్క. పచ్చి బియ్యంలో 25 శాతం, ఉప్పుడు బియ్యంలో 16 శాతం దాకా నూకను ఎఫ్‌సీఐ ఒప్పుకుంటుంది. తవుడు, ఊక మిల్లరువే. ఒక మర 69 కిలోలు తీసి, పక్క మర 64 దగ్గరే ఆగినా రికార్డులో రెండూ 67గానే ఉంటాయి.

చట్టం మొదటి నుంచీ ఇలా లేదు. 1958 నాటి రైస్ మిల్లింగ్ పరిశ్రమ నియంత్రణ చట్టం కింద మిల్లుకు లైసెన్సు ఉండాల్సి వచ్చేది. పాత హల్లర్లను మార్పించే నియమాలూ దాని కిందే వచ్చాయి. 1997లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. లైసెన్సుల పీడ వదిలిందని సంతోషించారు గానీ, మర ఎలా ఆడుతోందని అడిగే అధికారం కూడా దాంతోనే పోయిందన్నది నా వాదన. ఇప్పుడు మిగిలింది మిల్లరుతో రాసుకునే ఒప్పందం. అది బియ్యం లెక్క అడుగుతుంది, యంత్రం లెక్క అడగదు.

యంత్రం లెక్క తీయడానికి దారి లేక కాదు. జపాన్‌కు చెందిన సెయిచీ నకజిమా ప్రచారంలోకి తెచ్చిన కొలతలో మర ఆడిన సమయం, వేగం, సరుకు నాణ్యత మూడింటినీ గుణిస్తారు. మూడూ 90 శాతమున్నా ఫలితం 73 దాటదు. షెల్లర్‌లో రెండు రబ్బరు రోళ్లు వేర్వేరు వేగాలతో తిరిగి గింజ పొట్టు ఊడదీస్తాయి. రబ్బరు అరిగితే పొట్టు ఊడని వడ్లు, వాటిని వేరు చేసే సెపరేటర్ నుంచి మళ్లీ షెల్లర్‌కే వస్తాయి. మర ఆగలేదు, కరెంటు కాలుతూనే ఉంది, ఆడిందే ఆడుతోంది. రోళ్లు మరీ బిగిస్తే గింజ విరుగుతుంది. ఆ నూకను కూడా యాసంగి ఎండ ఖాతాలోనే రాస్తున్నారు.

యాసంగి ఎండకు గింజ పగలడం నిజమే. కానీ ఎండ ఎంత, రోళ్లు ఎంత అన్నది విడదీయాలంటే ఒకే కుప్ప వడ్లను వేర్వేరు మిల్లుల్లో ఆడించి బియ్యం, నూక, తవుడు, ఊక విడివిడిగా తూచాలి. సీజన్ మొదట్లోనే పౌరసరఫరాల శాఖ ఆ పని చేయించి, మిల్లువారీగా గోడమీద అంటించాలి. ఆ లెక్క చూపని మిల్లుకు తరుగు పేరుతో రైతు సంచిలోంచి కిలో కూడా కోసే హక్కు లేదు.