తలుపు మూసినంత మాత్రమున

వీథిలోని పొగ వీథిలోనే యుండుననియు, తలుపులు మూసికొన్నచో మనకు భయము లేదనియు పెక్కుమంది నమ్మకము. ఇది సగమే నిజము. 2.5 మైక్రానులకు మించని ధూళికణము తలవెండ్రుక మందములో సుమారు 30వ వంతు మాత్రమే. అట్టి కణములు కిటికీ సందులనుండియు, తలుపు క్రిందనుండియు లోనికి చొచ్చును. త్వరగా నేల వ్రాలక గంటల తరబడి గాలిలో తేలుచుండును. ఊపిరితిత్తుల లోతులకు పోయి, గుండెకును కీడు చేయును.

దినములో అధికభాగము మనము గడపునది ఇంటిలోనే. వృద్ధులును పసిబిడ్డలును మరింత. కావున వెలుపలి పొగను సైతము మనము హెచ్చుగా పీల్చునది లోపలనే. కూడలిలోని యంత్రము చూపు అంకె అచ్చటి గాలిని తెలుపును గాని, మన ఇంటిలోని శ్వాసను తెలుపదు.

భోగినాడు ఈ సంగతి మనకు ముఖ్యము. 2018లో చెన్నపట్టణమున భోగిపొగ వలన విమానముల రాకపోకలకే అంతరాయము కలిగెను. అంతటి పొగ మన గడపకడ నాగిపోవునా?

పొగ దట్టముగా నున్నంతసేపు కిటికీలు మూసి, తగ్గినంతనే బార్లా తెరువవలెను; లేనిచో లోన చేరినది లోననే నిలుచును. ఇల్లు ఊడ్చుటకంటె తడిగుడ్డతో తుడుచుట మేలు. వంటపొగకు వెలికిపోవు దారి యుండవలెను.

అన్నిటికంటె మిన్న, పొగను పుట్టింపకుండుట. టైర్లను, ప్లాస్టిక్కును మంటలో వేయరాదు. ఇంటికొక మంట మాని, ఎండుకట్టెలతో వీథికొక చిన్న మంట వేసిన చాలును. భోగి మనకును తమిళ సోదరులకును ఉమ్మడి పండుగ. గాలియు ఉమ్మడిదే.