గరాజ్ మీది గది

పోయిన నెల పునాది దాకా వచ్చి ఆగాను. మా మినియాపోలిస్ వైపు నేల గడ్డకట్టే లోతు దాటి 42 అంగుళాల కిందికి పునాది దింపాలని రాశాను కదా. ఈసారి గోడలూ కిటికీలూ. కానీ ఆ ఇల్లు అలా ఎందుకు కట్టుకున్నామో చెప్పకుండా నేరుగా గోడ మందం గురించి మొదలెడితే "ఈవిడకి డబ్బులెక్కువయ్యాయి" అనుకుంటారు. మా చుట్టాల్లో సగం మంది అదే అనుకున్నారు లెండి. అందుకని ముందు మా పాతింట్లో గరాజ్ మీదున్న గది సంగతి చెప్పాలి.

2019 జనవరి 30 తెల్లవారుజామున మినియాపోలిస్‌లో మైనస్ 28 ఫారెన్‌హీట్. మన లెక్కలో మైనస్ 33. అమ్మానాన్నలు మా దగ్గరే ఉన్నారు. మాది బిల్డర్ కట్టిన నాలుగు బెడ్‌రూముల ఇల్లు. గ్రానైట్ కౌంటర్, ఎత్తయిన హాలు, గోడ నిండా కిటికీ. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. అమ్మానాన్నలకి గరాజ్ మీద ఉన్న పెద్ద గది ఇచ్చాం. పెద్దదే, సొంత బాత్‌రూమ్ కూడా ఉంది. హాల్లో థర్మోస్టాట్ 72 చూపిస్తోంది కాబట్టి ఇల్లంతా 72 అనే అనుకున్నాను.

ఆ రోజు పొద్దున్న కాఫీ తీసుకుని చెప్పుల్లేకుండా ఆ గదిలోకి వెళ్ళాను. కార్పెట్ మీద కాలు పెడితే ఫ్రిజ్‌లో పెట్టినట్టుంది. అమ్మ రెండు స్వెట్టర్లు, మంకీ టోపీ, నాన్నగారి మేజోళ్ళు వేసుకుని చిన్న హీటర్ పక్కన ముడుచుకుని కూర్చుంది. గదిలో 58. మూడు వారాల నుంచీ అలాగే పడుకుంటున్నారట. "చెప్పొచ్చు కదమ్మా" అంటే "బాగానే ఉంది తల్లీ, అమెరికా అంటే ఇంతే కదా" అంది. మడమలు పగిలి రక్తం చారలు. ఏప్రిల్‌లో వెళ్ళిపోతూ "ఈసారి ఎండాకాలం వస్తాలే" అంది. ఎండాకాలం మామిడికాయలు వదిలి మా అమ్మ తణుకు దాటి రాదు. అంటే ఇంక రానని చెప్పడమే.

ఆ తర్వాత ఒక ఎనర్జీ ఆడిటర్‌ని పిలిచాను. ఆయన ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో గది నేలని చూపించాడు. నేల కింద దూలాల మధ్య ఉండాల్సిన ఫైబర్‌గ్లాస్ దుప్పట్లు సగం జారి కిందకి వేలాడుతున్నాయి, గరాజ్‌లోకి వచ్చే చలిగాలి వాటి పైనుంచి హాయిగా తిరుగుతోంది. అంటే దుప్పటి ఉంది, మనిషి మాత్రం దాని కింద లేడు. నా ఉద్యోగంలో అయితే దీన్ని టెస్టింగ్ చెయ్యకుండా రిలీజ్ చెయ్యడం అంటాం.

ఆయనే ఇంకో సంగతి చెప్పాడు. మన ఒంటికి తెలిసే చలి గాలిది మాత్రమే కాదు, చుట్టూ ఉన్న గోడలదీ అద్దాలదీ కూడా. బయట మైనస్ 20, లోపల 70 ఉన్నప్పుడు మామూలు రెండు పొరల అద్దం లోపలి వైపు సుమారు 52 దగ్గర ఉంటుంది. గాలి 70 ఉన్నా మన ఒంటి వేడి ఆ అద్దం వైపు పోతూనే ఉంటుంది. అదే మంచి మూడు పొరల కిటికీ అయితే 59 దాకా వస్తుంది. ఏడు డిగ్రీలే కదా అనిపిస్తుంది గానీ, సోఫాని కిటికీ నుంచి దూరంగా జరపాలా అక్కర్లేదా అన్నది ఆ ఏడు డిగ్రీల్లోనే ఉంది.

అప్పటినుంచీ నాకు ఇదే పిచ్చి. కెనడాలో రెజైనా అనే ఊళ్ళో 1977లోనే మామూలు ఫర్నేస్ అక్కర్లేని ఇల్లు కట్టి చూపించారు. రెజైనా చలి మా చలికి ఏమీ తీసిపోదు. జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ 1990లో డార్మ్‌స్టాట్‌లో పాసివ్ హౌస్ మొదలుపెట్టాడు. మా మిన్నెసోటాలోనే బెమిజీ దగ్గర జర్మన్ నేర్పే క్యాంపులో 2006లో అలాంటిదే ఒక భవనం వచ్చింది. అంటే ఇదేదో కొత్త విద్య కాదు, నేను పుట్టకముందు నుంచీ ఉన్నదే.

2022లో స్థలం కొన్నాం. అది దక్షిణం వైపు వాలు. మావాళ్ళు అదిరిపడ్డారు. నిజానికి 45 డిగ్రీల అక్షాంశంలో ఉండేవాళ్ళకి దక్షిణమే ఆస్తి. డిసెంబరు మధ్యాహ్నం ఇక్కడ సూర్యుడు 21 డిగ్రీల ఎత్తుకి మించి పెద్దగా లేవడు, ఎండ గదిలో లోపలికంటా వస్తుంది. జూన్‌లో 68 డిగ్రీలు దాటతాడు. రెండడుగుల చూరు పెడితే జూన్ మధ్యాహ్నం గోడ మీద ఐదడుగుల నీడ పడుతుంది, డిసెంబరులో తొమ్మిది పది అంగుళాలే. మన పాత పెంకుటిళ్ళ చూరు చేసే పనే ఇది. వీధి గుమ్మం తూర్పుకి, పెద్ద కిటికీలు దక్షిణానికి పెట్టాం. వాస్తు అడిగేవాళ్ళకి గుమ్మం చూపిస్తాను.

ఇంక గోడ. ఇక్కడ మామూలు ఇంటి గోడ అంటే ఐదున్నర అంగుళాల చెక్క స్టడ్లు, వాటి మధ్య ఆర్-20 ఫైబర్‌గ్లాస్. ఆర్ అంటే వేడిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె, ఎక్కువైతే మంచిది. చిక్కేమిటంటే పదహారు అంగుళాలకొకటి ఉండే స్టడ్ దగ్గర ఆ అంకె ఏడుకి పడిపోతుంది. వేడి ఆ చెక్కలెంబడే బయటికి నడిచిపోతుంది. మేము మూడున్నర అంగుళాల గోడలు రెండు, మధ్యలో ఖాళీ వదిలి నిలబెట్టించి, ఆ పన్నెండు అంగుళాల మందంలో సెల్యులోజ్ దట్టించాం. ఆర్ నలభై దాటింది. సెల్యులోజ్ అంటే పాత న్యూస్‌పేపర్లు పీచు చేసి, నిప్పంటుకోకుండా బోరేట్ కలిపినది. మా గోడల్లో ఎన్నేళ్ళ వార్తలున్నాయో.

కిటికీలకీ గోడలకీ కలిపి 30 వేల డాలర్లు పైన పడింది. మా బిల్డర్ మంచివాడే గానీ, "ఇల్లు అమ్మేటప్పుడు గోడ లోపల ఏముందో ఎవరూ అడగరు" అన్నాడు. అదీ నిజమే. మా ఆయనకి క్వార్ట్జ్ ఐలాండ్, బేస్‌మెంట్‌లో హోమ్ థియేటర్ కావాలి. రెండు రాత్రులు మాటల్లేవు. చివరికి నేను చెప్పిందొకటే. క్వార్ట్జ్ ఎప్పుడైనా వేసుకోవచ్చు, థియేటర్ ఐదేళ్ళ తర్వాతైనా కట్టుకోవచ్చు. డ్రైవాల్ బిగించాక గోడ లోపలికి మళ్ళీ వెళ్ళలేం. బేస్‌మెంట్ ఇప్పటికీ కాంక్రీటు నేలతోనే ఉంది. ఆయన అప్పుడప్పుడూ అందులో ఒక కుర్చీ వేసుకుని కూర్చుంటారు, నాకు కనబడేట్టు.

2023 సెప్టెంబరులో బ్లోయర్ డోర్ టెస్ట్ పెట్టాం. గుమ్మానికి గుడ్డ బిగించి, దానిలో పెద్ద ఫ్యాన్ పెట్టి, ఇంట్లో గాలిని బయటికి లాగుతారు. ఇంటికి నలువైపులా ఇరవై మైళ్ళ గాలి కొడుతున్నంత ఒత్తిడి. అప్పుడు గంటకి ఇంట్లో గాలి ఎన్నిసార్లు మారిపోతోందో లెక్క. ఇక్కడి కోడ్ మూడు దాటకూడదంటుంది. పాసివ్ హౌస్ అయితే 0.6. నాన్నగారు ఒక్కరే వచ్చి ఉన్నారప్పుడు. అమ్మ "మోకాళ్ళు" అంది. మోకాళ్ళు కాదని మాకు తెలుసు.

నాన్నగారికి ఈ వ్యవహారమంతా నచ్చలేదు. "ఇంటికి గాలాడకపోతే ఎలాగమ్మా? మన మండువా ఇంట్లో ఏ మూల కూర్చున్నా గాలే" అన్నారు. మండువా ఇల్లు ఉక్కపోతకి కట్టినది నాన్నా, ఇది చలికి అన్నాను. గాలి లేకుండా ఏమీ ఉండదు, ఈఆర్‌వీ అనే పెట్టె పగలూ రాత్రీ పాత గాలిని పంపి కొత్త గాలిని తెస్తుంది, పోయే గాలి వేడీ తేమా వచ్చే గాలికి అందిస్తుంది అని చెప్పాను. "కరెంటు పోతే?" అన్నారు. కరెంటాఫీసులో ముప్ఫై ఏళ్ళు చేసిన మనిషి మరి. కరెంటు పోతే కిటికీ తెరుస్తాం అన్నాను. ఆ జవాబుకి మాత్రం తల ఊపారు.

మొదటి అంకె 1.4 వచ్చింది. టెస్ట్ చేసే అబ్బాయి పొగ గొట్టం ఒకటి పట్టుకుని కంతలు వెతుకుతున్నాడు. నాన్నగారు కాసేపు చూసి, తన సంచిలోంచి ఊదుబత్తులు తీసి రెండు వెలిగించారు. లైన్ చెక్ చేస్తున్నట్టే గోడ వెంబడి, నేలకి జానెడు ఎత్తులో, అడుగడుగునా ఆగుతూ వెళ్ళారు. పొగ నిటారుగా లేస్తే ముందుకి. పొగ గదిలోకి వంగితే "ఇక్కడమ్మా". గరాజ్ తలుపు దగ్గర మూల ఒకటి, దేవుడి గదిలో వైర్లు వచ్చే గొట్టం చుట్టూ ఒకటి, పక్కకి జరిపే గ్లాసు తలుపు కింద పొడుగునా. ఆ అబ్బాయి టేపు వేస్తూ పోయాడు. సాయంత్రానికి 0.9. "0.6 అన్నావు కదా, ఫస్ట్ క్లాసు రాలేదన్నమాట" అన్నారు నాన్నగారు. జరిపే తలుపు బదులు రెక్క తలుపు పెట్టుంటే ఇంకాస్త తగ్గేది, అది నా తప్పే. మీరు కట్టించుకుంటే జరిపే తలుపు జోలికి పోకండి.

ఫర్నేస్ సంగతి కూడా చెప్తాను. మొదట వచ్చినాయన ఇల్లు చూడకుండానే, చదరపు అడుగుల లెక్కన 80 వేల బీటీయూల ఫర్నేస్ రాశాడు. గదిగదికీ గోడలూ కిటికీలూ లెక్కకట్టే మాన్యువల్ జే చేయిస్తే 22 వేలు తేలింది. చిన్న హీట్ పంప్ సరిపోయింది, మరీ చలి రాత్రులకి తోడుగా కరెంటు హీటింగ్ కాయిల్. లెక్క కాగితం చూపించమని అడగండి, నోటి లెక్క ఒప్పుకోకండి.

వంటగది దగ్గర మాత్రం నేను పూర్తిగా గెలవలేదు. మన తాలింపులకి 900 సీఎఫ్ఎం ఫ్యాన్ కావాలని స్నేహితులందరూ చెప్పారు. బిగుతైన ఇంట్లో అంత ఫ్యాన్ వేస్తే గాలి బయటికి పోతుంది, లోపలికి వచ్చే దారుండదు, వీధి తలుపు లాగితే రాదు. 400 దాటితే బయటి గాలి తెచ్చే ఏర్పాటు విడిగా పెట్టాలి, జనవరిలో ఆ గాలిని వేడి చెయ్యాలి. అందుకని 400 లోపే తీసుకుని, స్టవ్ కంటే వెడల్పుగా, ముందు బర్నర్లని కూడా కప్పేట్టు హుడ్ పెట్టించాం. రోజువారీ వంటకి చాలు. ఎండుమిరపకాయలు వేయిస్తే మాత్రం ఇల్లంతా దగ్గులు. గ్యాస్ లేదు, ఇండక్షనే. ఇనప పెనం మీద దోసె బ్రహ్మాండంగా వస్తుంది. అమ్మ పంపిన అల్యూమినియం కుక్కర్ మాత్రం అటక మీద ఉంది.

పోయిన జనవరిలో అమ్మ వచ్చింది. నాన్నగారు ఏం చెప్పి ఒప్పించారో నాకు తెలియదు. ఈ ఇంట్లోనూ వాళ్ళ గది గరాజ్ పక్కనే, కావాలనే అక్కడ పెట్టాను, కాకపోతే కింద. మొదటి వారం మేజోళ్ళు తీయలేదు. బయట సున్నాకి చాలా కిందికి పోయిన ఒక రోజు మీటింగ్ మధ్యలో నీళ్ళకని లేచి వస్తే, దక్షిణం కిటికీ కింద ఎండలో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. కాళ్ళకి ఏమీ లేవు. మడమలు చూశాను. నేను చూడ్డం చూసి పాదాలు చీరలోకి లాక్కుంది.

"ఏంటే అలా చూస్తావు? వెళ్ళి ఆఫీసు చేసుకో" అంది. తర్వాత, నేను గుమ్మం దాటుతుంటే, "ఆ గాలి పెట్టెలో ఫిల్టరేదో మార్చాలని మీ నాన్న నిన్నటినుంచీ గొణుగుతున్నారు, చూడు."

మార్చి మూడు నెలలు దాటింది. నల్లగా ఉంది.