కంప్యూటరు పెట్టెలోని చప్పుళ్లు



ఇటీవల వచ్చిన జాబులలో మూడింటియందు ఒకే ప్రశ్న కలదు. ఇంటిలోని కంప్యూటరు పెట్టెనుండి వింత చప్పుడు వచ్చుచున్నది, వాడవచ్చునా, మానవలెనా, దుకాణమునకు పంపవలెనా యని. ముగ్గురకు వేఱువేఱుగా వ్రాయుటకంటె ఇచ్చటనే వ్రాయుట మేలని తోచినది.

ఇంటిలో ఏ వస్తువు చప్పుడు మారినను మొదట గ్రహించునది ఇల్లాలే. మిక్సీ గిన్నె సరిగా కూర్చుండకున్నను, కుక్కరు విజిలు వేయక ఆవిరి ప్రక్కనుండి పోవుచున్నను, మోటారు నీరందక ఉత్తిగా తిరుగుచున్నను, మనము వేఱొక గదిలోనుండియే పోల్చుకొందుము. కంప్యూటరునకును ఆ చెవియే చాలును. కావలసిన ఎఱుక యొక్కటే: ఆ పెట్టెలో కదలునవి యేవి, కదలనివి యేవి.

మనవారు సి.పి.యు. అని పిలుచునది నిజమునకు వట్టి పెట్టె. అసలు సి.పి.యు. లోపలనుండు చిన్న బిళ్ల. అది కదలదు, పలుకదు, వేడెక్కును మాత్రము. ఆ వేడిని పోగొట్టుటకు దానిపై నొక ఫ్యాను, కరెంటు నందించు ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాలో నొకటి, తరచుగా పెట్టె వెనుక నింకొకటి తిరుగుచుండును. ఇవి గాక కదలునది హార్డుడిస్కు. సి.డి. పెట్టు అర యున్నచో అందు సి.డి. ఉన్నంతసేపే దాని రొద. కావున చప్పుడు చేయునది ఫ్యానా, డిస్కా అని తేల్చుకొనుటయే మొదటి పని.

దీనికి ఒక దళసరి కాగితమును గొట్టముగా చుట్టి ఒక కొన చెవియొద్ద నుంచుకొని, రెండవ కొనను పెట్టె వెలుపల ముందు, ప్రక్క, వెనుక మెల్లగా త్రిప్పి వినుడు. చప్పుడెచ్చట హెచ్చునో అచ్చటనే దోషము. అయినను చెవి నొక్కదానినే నమ్మి తీర్పు చెప్పరాదు. దశరథుడంతటి శబ్దవేధి సరయూతీరమున కడవ మునిగిన ధ్వనిని ఏనుగు నీరు త్రాగుట యనుకొని మునికుమారుని చంపెను గదా! విన్నదానిని కంటితో సరిచూచుకొనవలెను.

ఫ్యాను చప్పుడు ఎడతెగక సాగును. వేసవిలోను, పిల్లలు ఆట లాడునపుడును రొద హెచ్చినచో వేడికి ఫ్యాను వేగము పెరిగినదని యర్థము. చాలవఱకు అది దుమ్ము పని. కంప్యూటరు వెలిగించిన వెంటనే గరగరమని, కొంతసేపటికి సర్దుకొనునది ఇరుసు అరిగిన ఫ్యాను. అది నేడో ఱేపో ఆగిపోవును గాన ముందే మార్పించుట మంచిది. స్వల్ప వ్యయముతో పోవును. టకటకమని లెక్కపెట్టినట్లు సమముగా వచ్చుచున్నచో లోపలి తీగ యేదో ఱెక్కకు తగులుచున్నది. జుమ్మని పెట్టె యంతయు మ్రోగుచున్నచో ప్రక్క రేకును అరచేతితో అదిమి చూడుడు. చప్పుడాగినచో మర వదులైనదన్నమాట.

దుమ్ము దులుపుట మన చేతిలోని పనియే. ముందు కంప్యూటరు ఆపి, గోడనుండి ప్లగ్గు తీసివేయుడు. స్విచ్చి ఆపుట చాలదు. ప్రక్క రేకు విప్పి, లోపలి ఇనుప చట్రమును ఒకమారు ముట్టుకొని, పొడి మెత్తని కుంచెతో మెల్లగా దులుపవలెను. దులుపునపుడు ఫ్యాను ఱెక్కను వ్రేలితో పట్టి యుంచుడు. తడిగుడ్డ తగదు. ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను మాత్రము ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాతను అందు విద్యుత్తు కొంతకాలము నిలువయుండి ప్రాణాపాయము కలిగింపగలదు. దానినుండి చిటపటలు గాని, కమురు వాసన గాని వచ్చినచో గోడ స్విచ్చి ఆపి దుకాణమునకు పంపుటయే.

ఇక హార్డుడిస్కు మాట. ఇది అన్నిటికంటె ముఖ్యము.

ఫ్యాను చెడినచో క్రొత్త ఫ్యాను వచ్చును. డిస్కు చెడినచో క్రొత్త డిస్కు వచ్చును గాని పాతదానిలో దాచినది రాదు. మా వీధిలో నొక ఇల్లాలు గతించిన తన తల్లిచేత పాడించుకొన్న మంగళహారతులను కంప్యూటరులో దాచుకొనెను. పెట్టె వారము దినములు టక్కు టక్కుమనెను. ఇంటివారు విసుగుతో ఆపుచు, మఱల వెలిగించుచు వాడిరి. ఎనిమిదవనాడు అది పలుకలేదు. దుకాణమువాడు క్రొత్త డిస్కు వేసి, చక్కగా నడచుచున్నదని చెప్పి పంపెను. పాతది ఏమయ్యెనో అతనికే తెలియదు. కంప్యూటరు బాగుపడినది. ఆ తల్లి గొంతు మఱి వినబడలేదు.

ఆ చప్పుడునకు కారణమిది. డిస్కులో అద్దమువంటి పళ్లెములు నిమిషమునకు 5400 గాని 7200 గాని చుట్లు తిరుగుచుండును. వానిపై గ్రామఫోను ముల్లువలె నొక చేయి అటునిటు కదలుచు వ్రాత చదువును. కాని యిది పళ్లెమును తాకదు. నడుమ ఎడము వెండ్రుక మందములో వేయవ వంతుకంటెను తక్కువ. చేయి తాను వెదకు గుఱుతులను చదువలేనపుడు వెనుకకు మరలి, మఱల ప్రయత్నించును. ఆ రాకపోకలే టక్కు, టక్కు. కంప్యూటరు ఆపునపుడు ఒక్కమారు టక్కుమనుట చేయి తన చోట విశ్రమించుట. దానికి భయము లేదు. పనిచేయునపుడు సన్నగా కరకరమనుటయు సహజమే. మాటిమాటికి టక్కుమని, తెఱపై బొమ్మ కదలక నిలిచిపోవుచున్నచో అపాయము. గీరుచున్నట్లు వినబడుట అంతకంటె చెడ్డది.

అప్పుడు చేయవలసినది: డిస్కు ఇంకను చదువుచున్నచో, మఱి రెండవది దొరకని ఫొటోలు, పాటలు, పత్రములు మొదట, తక్కినవి తరువాత పెన్‌డ్రైవులోనికి గాని వేఱొక డిస్కులోనికి గాని ఎత్తి కంప్యూటరును ఆపివేయుడు. చదువకున్నచో, లేక గీరు చప్పుడు వచ్చుచున్నచో వెంటనే ఆపుడు. ఒక్కమారు చూతమని మఱల వెలిగింపకుడు. ఫ్రిజ్‌లో పెట్టి తీసినచో నడచునని కొందఱు చెప్పుదురు; లోపల చెమ్మ పట్టి ఉన్న యాశయు పోవును. డిస్కును విప్పి చూడరాదు. కంటికి కానరాని ధూళి కణము సయితము ఆ ఎడమున కొండవంటిది. పోయిన వ్రాతను వెలికితీయు నిపుణులు కలరు, ధూళిలేని గదులలో విప్పుదురు, వ్యయము మిక్కుటము. వారియొద్దకు పోవలెనన్నను డిస్కు మనయొద్ద ఉండవలెను గదా! కావున దుకాణమునకు పంపునప్పుడే "ఫార్మాటు చేయరాదు, పాత డిస్కు తిరిగి ఈయవలెను" అని చీటీ వ్రాసి పెట్టెకు అంటింపుడు. నోటిమాట చాలదు.

ఎస్.ఎస్.డి. అను క్రొత్త తెగ డిస్కులో కదలునది లేదు గాన చప్పుడును లేదు. ఇందుకు సంతసింపవలెనో లేదో నాకు సందేహమే. చెడునపుడు అది మనకు చెవిలో నొక మాట కూడ చెప్పదు. అట్టి కంప్యూటరున్న యింట రెండవ ప్రతి ముందునుండియే ఉండవలెను.

కొన్ని చప్పుళ్లు ఆ పెట్టెవే కావు. కరెంటు పోయినపుడు కూయునది యు.పి.ఎస్.; కరెంటుండగనే కూయుచున్నచో దాని బ్యాటరీని చూపింపుడు. సెల్‌ఫోను స్పీకరు ప్రక్కనున్నచో కాల్ వచ్చుటకు ముందు టిటిటిట్టని వినబడుట కలదు. ఫోను దూరముగా పెట్టిన పోవును. వెలిగించునపుడు తెఱ నల్లగా నుండి పెట్టె బీపు బీపుమని కూయుట మాత్రము దాని సొంత భాషయే. ర్యాము పట్టీ వదులైనపుడు తరచుగా అట్లు కూయును. కూతల లెక్క తయారీదారునుబట్టి మారును గాన మదర్‌బోర్డుతో వచ్చిన పుస్తకము పాఱవేయకుడు.

ఇకముందు ఈ విషయమై జాబు వ్రాయు సోదరీమణులు, చప్పుడు వెలిగించిన వెంటనే వచ్చునో, వేడెక్కిన తరువాత వచ్చునో, సమముగా నుండునో, ఆగి యాగి వచ్చునో, పెట్టె వయస్సెంతో తప్పక తెలుపగోరెదను. టక్కు చప్పుడైనచో నా జవాబునకై వేచియుండక ముందు ఫొటోలు ఎత్తుకొనుడు. పత్రిక నెలకొకమారే వచ్చును.